పెళ్ళికూతురి గదిలో మౌనం

సెప్టెంబరు 10, 2000. ఆదివారం. గుడివాడ.

పక్కింటి భార్గవి మళ్ళీ వచ్చింది. కాలేజీలో హిస్టరీ చెబుతుంది కదా, మొహంలో ఎప్పుడూ పాఠం మొదలుపెట్టబోయే కళే. చల్లపల్లిలో పది రోజుల ధ్యాన శిబిరమట. పితృపక్షాల్లో పెళ్ళిళ్ళు ఉండవు కనక కల్యాణమండపం ఖాళీగా దొరికిందట. పది రోజులూ మౌనమట. చెప్పేది ఒక బౌద్ధ భిక్షువు. ఆయన్ని 'భంతే' అనాలట. నాగాయలంక వైపు మనిషే, సింహళంలో చదువుకుని వచ్చారట.

"మీ బీపీకి మంచిదండీ పిన్నిగారూ," అంది.

మా ఆయన పేపరు వెనకనుంచి నవ్వారు. "పది రోజులు మౌనమా? దుర్గా? పామర్రు దాటేలోపే కండక్టరుతో పోట్లాట పెట్టుకుని తిరుగు బస్సెక్కేస్తుందమ్మా."

నేను వెళ్తున్నది ధ్యానం కోసమే. ఆయన నవ్వినందుకు కాదు.

సెప్టెంబరు 13. బుధవారం.

సంచి సర్దాను. భార్గవి ఇచ్చిన కాగితంలో నియమాలున్నాయి. మాట్లాడకూడదు, సైగలు చేయకూడదు, చదవకూడదు, రాయకూడదు, మధ్యాహ్నం దాటాక భోజనం లేదు.

రాయకూడదంటే ఉత్తరాలూ అవీ అయి ఉంటాయి. డైరీ రాయడం రాయడం కిందికి రాదు. తలలో ఉన్నదాన్ని కాస్త కిందికి దింపుకోవడం, అంతే.

జంతికలు కూడా పెట్టుకున్నాను. తినడానికి కాదు. సంచిలో ఉన్నాయన్న ధైర్యానికి.

సెప్టెంబరు 14. గురువారం. చల్లపల్లి.

శిబిరంలో వంటా, గదులూ భార్గవే చూసుకుంటోంది. "మీకు పెళ్ళికూతురి గది ఇచ్చానండీ, లోపలే బాత్‌రూమ్," అని తాళం చేతిలో పెట్టింది. సంబరంగా తలుపు తోశాను.

నిలువుటద్దం ముందు కూర్చుని జడ అల్లుకుంటోంది రాఘవమ్మక్కయ్య!

మా బావగారు కొండలరావు గారి భార్య. నందివాడ మహారాణి. నాకు తోడికోడలు అని రాయడానికి కూడా కలం కదలడం లేదు. మా తనూజ పెళ్ళిలో, పీటల దగ్గర, అందరూ చూస్తుండగా, "అక్కయ్యా, ఆ తలంబ్రాల పళ్ళెం ఇలా అందుకో," అని పిలిచాను. ఒకసారి కాదు. ఈవిడ మొహం అటు తిప్పేసి, కుచ్చిళ్ళు సర్దుకుని, వెళ్ళి ఫ్యాను కింద కూర్చుంది. అప్పుడు మా వియ్యపురాలు నా వంక చూసిన చూపు నేను కాటికి వెళ్ళేదాకా మర్చిపోను. మర్నాటినుంచి నేను మాట మానేశాను. రెండేళ్ళయింది. ఎందుకు మానేశావని ఆవిడ అడగనైనా లేదు.

భార్గవిని పట్టుకుని గది మార్చమన్నాను.

"ఒక ఇంటివాళ్ళే కదా అని వేశానండీ. అయినా సాయంత్రం గంట కొట్టాక ఎవరికీ మాటలే ఉండవు. ఇంక మీకు ఇబ్బందేముందండీ?"

అదీ నిజమే. మాట్లాడుకోకపోవడంలో మా ఇద్దరికీ ఉన్న అనుభవం ఈ శిబిరంలో ఇంకెవరికీ లేదు.

సెప్టెంబరు 15.

మాట్లాడలేదు. ఆవిడా మాట్లాడలేదు. ఆకలి.

సెప్టెంబరు 16. శనివారం.

ఇది బాత్‌రూమ్‌లో బకెట్ బోర్లించి దాని మీద కూర్చుని రాస్తున్నాను.

భంతే గారు సన్నగా, నున్నగా గీసిన గుండుతో, నవ్వు మొహంతో ఉంటారు. పెద్ద పెద్ద మాటలేవో చెబుతారనుకున్నాను. "కాళ్ళు మడవడం రాకపోతే కుర్చీలో కూర్చోండి. ఏం నష్టం లేదు. లోపల కొన్ని గుణాలుండాలి. అవి లేకుండా నడుం నిటారుగా పెడితే, పందిరి గుంజ కూడా నిటారుగానే ఉంటుంది," అన్నారు. "వాటిలో మొదటిది సిగ్గు. ఎవరో చూస్తారని పడే సిగ్గు కాదు. ఎవరూ చూడనప్పుడు కూడా వేసే సిగ్గు."

ఈ మాట రాఘవమ్మక్కయ్య వినాలి అనుకుని అటు చూశాను. ఆవిడ రెప్ప వేయకుండా భంతే గారి మొహంలోకే చూస్తోంది. ఎంత నటన!

సాయంత్రం ఇన్ని మరమరాలు, గ్లాసుడు టీ. అది కడుపులో ఏ మూలకి? గదికి వచ్చాక రాఘవమ్మక్కయ్య అటు తిరిగి కిటికీ దగ్గర కూర్చుంది. ఎవరూ చూడటం లేదు కదా అని ఒక జంతిక నోట్లో వేసుకున్నాను. అమ్మో, మౌనంలో జంతిక చేసే చప్పుడు! కంకర మిషనే. బిగుసుకుపోయాను. ఆవిడ తల కూడా తిప్పలేదు. అంటే నన్ను చూడటం కూడా తక్కువతనం అన్నమాట. ఆ ఒళ్ళుమంటకి ఇంకో నాలుగు తిన్నాను.

సెప్టెంబరు 17. ఆదివారం.

ఇవాళ రెండో గుణం. "వీర్యం" అన్నారు భంతే గారు. మగవాళ్ళ వైపు ఎవరో దగ్గారు. ఆ దగ్గు అంటుకుని వెనక వరస దాకా వెళ్ళింది. "పాళీలో దానికి పట్టుదల అని అర్థం నాయనా," అని ఆయనా నవ్వేశారు. "మీరిప్పుడు నవ్వు ఆపుకుంటున్నారే, అదీ వీర్యమే."

పట్టుదల సంగతి నాకు ఒకరు చెప్పక్కర్లేదు. గదిలో నేను ఫ్యాను ఐదులో పెడతాను. ఆవిడ లేచి రెండుకి తిప్పుతుంది. నేను నీళ్ళకని లేచి మళ్ళీ ఐదు. ఆవిడ దుప్పటి సర్దుకునే వంకతో మళ్ళీ రెండు. భోజనాల దగ్గర్నుంచి టీ దాకా ఇదే సాధన. చివరికి కరెంటు పోయింది. ఇద్దరం ఓడిపోయాం.

సెప్టెంబరు 18. సోమవారం.

పొద్దున్నే గంట కొడతారు. శవం కూడా లేచి కూర్చునేంత గంట. ఈవిడ కదలదు. నేను లైటు వేస్తేగానీ లేవదు. గంట మనలాంటివాళ్ళకి. నందివాడ మహారాణులకి కాదు.

హాల్లో కళ్ళు మూసుకోమంటే మధ్యమధ్యలో ఓరగా తెరిచి, ఎవరైనా లేస్తున్నారేమో అని చూస్తుంది. నాకెలా తెలుసంటే నేనూ తెరిచే ఉంచుతున్నాను కనక. ఆవిడ కోసమే.

భంతే గారు ఇవాళ ఓర్పు గురించి చెప్పారు. ఇన్ని రోజులుగా ఒకే గదిలో ఉంటున్నాను. నాకు ఓర్పు ఉన్నట్టే.

సెప్టెంబరు 19. మంగళవారం.

టీల దగ్గర భార్గవి చేతిలోంచి స్టీలు కంచాల దొంతర జారిపోయింది. సరిగ్గా రాఘవమ్మక్కయ్య వెనకాలే. వరసంతా ఎగిరిపడ్డాం. మగవాళ్ళ వైపు ఒకాయన మౌనం మర్చిపోయి "అమ్మా!" అన్నాడు. భంతే గారి చేతిలో గ్లాసు కూడా తొణికింది. రాఘవమ్మక్కయ్య మాత్రం నింపాదిగా టీ ఊదుకుంటోంది.

అందరూ ఆవిడ వంక ఎంత భక్తిగా చూశారో! సమాధి కుదిరిందనుకున్నారు. నాకు కడుపు మండిపోయింది. సిగ్గు లేదు, ఓర్పు లేదు, నా ఫ్యాను నన్ను వేసుకోనివ్వదు, ఈవిడకి సమాధి ఎలా కుదురుతుంది?

గదికి వచ్చాక ఆవిడ వెనక నిలబడి దగ్గాను. గట్టిగా దగ్గాను. గాజులు గలగలలాడించాను. చివరికి చప్పట్లు కొట్టాను.

ఆవిడకి వినపడదు.

సెప్టెంబరు 20.

వినపడకపోతే మాత్రం? ఇప్పుడు వినపడదేమో. పెళ్ళినాటికి వినపడే ఉంటుంది.

వినపడే ఉంటుంది.

జంతికలు అయిపోయాయి.

సెప్టెంబరు 21. గురువారం.

మధ్యాహ్నం పూట ఒక్కొక్కరూ వెళ్ళి భంతే గారితో మాట్లాడవచ్చు. ధ్యానం గురించి మాత్రమే. వెళ్ళాను.

"ఒకావిడకి చెవులు వినపడటం లేదండీ. ఎవరికీ తెలీదు. నాకు తెలిసిపోయింది. చెప్పాలా వద్దా అని."

"చెప్తే ఏమవుతుందమ్మా?"

"నలుగురికీ తెలుస్తుందండీ. వైద్యం చేయిస్తారు."

"ఇంకా?"

"ఇంకేముందండీ."

ఆయన ఊరికే నా వంక చూస్తూ కూర్చున్నారు. తిట్టేవాళ్ళ ముందు అబద్ధం చెప్పడం తేలిక. ఇలా చల్లగా కూర్చునేవాళ్ళ ముందు చాలా కష్టం.

"నేను పిలిస్తే పలకలేదని రెండేళ్ళుగా కోపమండీ. ఇప్పుడు ఆవిడ తప్పేం లేదని తేలేట్టుంది. కానీ ఆ కోపాన్ని వదలబుద్ధి కావడం లేదండీ. అలవాటైపోయింది."

ఆయన గది గోడలు అదిరేలా నవ్వారు. "ఇన్ని రోజుల్లో ఈ కుర్చీలో కూర్చుని ఇంత నిజం ఎవరూ చెప్పలేదమ్మా. నిన్న ఒకాయన, కళ్ళు మూసుకుంటే దివ్యమైన వెలుగు కనపడుతోందన్నారు. ట్యూబులైటు కింద కూర్చున్నారు." తర్వాత కాస్త ముందుకి వంగారు. "దాన్ని వదలకండి. బలవంతంగా తోలితే మళ్ళీ వస్తుంది. మేత వేయకండి, చాలు."

"మరి చెప్పమంటారా?"

"ఆవిడ కోసం చెప్పాలనిపిస్తే చెప్పండి. మీ కోసం చెప్పాలనిపిస్తే మాత్రం నోరు మూసుకోండి."

మన కృష్ణా జిల్లా మనిషే. సింహళం వెళ్ళినా ఆ మాట తీరు పోలేదు.

సెప్టెంబరు 22. శుక్రవారం.

గంట కొట్టగానే లేచి, లైటు వేయకుండా, ఆవిడ పాదం పట్టుకుని మెల్లిగా కదిపాను. ఉలిక్కిపడి లేచి, నేనని చూసి, పాదం వెనక్కి లాక్కుంది. మైత్రి అనేది ఎంత కష్టమో భంతే గారు చెప్పనే చెప్పారు.

ఆ తర్వాత జరిగింది వరసగా రాస్తాను.

పొద్దున కాలువ గట్టు రోడ్డు మీద నడక ధ్యానం. ఒకరి వెనక ఒకరు, పాదం లేవడం, పాదం ఆనడం గమనిస్తూ నడవాలి. వెనకనుంచి అవనిగడ్డ బస్సు హారన్ కొట్టుకుంటూ వచ్చింది. అందరం పక్కకి తప్పుకున్నాం. రాఘవమ్మక్కయ్య రోడ్డు మధ్యలో పాదం చూసుకుంటూ వెళ్తోంది. మొత్తం గుంపులో నడక ధ్యానం సరిగ్గా చేస్తున్నది ఆవిడ ఒక్కతే.

"అక్కయ్యా! బస్సూ!"

ఇన్ని రోజుల మౌనమంతా ఒక్కసారి గొంతులోంచి ఊడిపడింది. అవతలి గట్టున బట్టలు ఉతుకుతున్నవాళ్ళు తలెత్తారు. నీళ్ళలో గేదెలు తలెత్తాయి. ఊరంతా విన్నది, వినవలసిన మనిషి తప్ప.

ఎలా పరుగెత్తానో తెలియదు. రెక్క పట్టుకుని లాగాను. ఇద్దరం వెళ్ళి గట్టు వార బురదలో పడ్డాం. బస్సు మా మీద ఇంత నీళ్ళు చిమ్ముకుని వెళ్ళిపోయింది.

ఆవిడ లేచేటప్పటికి బస్సు మలుపు తిరుగుతోంది. జడలోంచి బురద కారుతోంది. నన్ను చూసింది. ఇంక మొదలుపెట్టింది.

"చంపుతావా ఏంటే! రెండేళ్ళ నుంచి మొహం మాడ్చుకుని తిరుగుతున్నావు, పోనీలే అని ఊరుకున్నాను. ఇప్పుడు నడిరోడ్డు మీద తోసేస్తావా? ఇంత కసి పెట్టుకునా బుద్ధుడి దగ్గరికి వచ్చావు? చూడండయ్యా అందరూ!"

అందరూ చూశారు. చూడటం తప్ప ఎవరూ ఏమీ చేయలేదు. మౌనం కదా! ఒక ముసలాయన బస్సు వైపు చెయ్యి చూపించబోయి, సైగలు కూడా నిషేధమని గుర్తొచ్చి, ఆ చెయ్యి జేబులో పెట్టేసుకున్నాడు.

నా నాలిక చివర ఒకే ఒక్క మాట ఉంది. 'నీకు చెవుడు.' ఆ మాట అంటే ఆ క్షణంలో నేను దేవతనైపోతాను. ఆవిడ చెవిటిదైపోతుంది, ఆడామగా అందరి ముందూ, ఆ బురద చీరతో. అనడానికి నోరు తెరిచాను కూడా. ఈగ దూరింది. మూసేశాను.

ఈగ దూరకపోయినా మూసేదాన్నే అనుకుంటున్నాను.

ఆవిడ చెప్పు కాలువలో తేలుతోంది. మోకాలి లోతు దిగి తీసుకొచ్చి కాళ్ళ దగ్గర పెట్టాను. దానికీ తిట్టింది, తోలు నానిపోయిందని.

అదే రోజు, మధ్యాహ్నం.

స్నానం చేసి వచ్చి అద్దం ముందు తల తుడుచుకుంటోంది. పాత పెళ్ళికూతుళ్ళెవరో అంటించి వదిలేసిన బొట్టుబిళ్ళల మధ్యనుంచి నా మొహంలోకి చూసింది. నేను శబ్దం రాకుండా పెదాలు కదిపాను. 'బస్సు వచ్చింది.'

"తెలుసులే," అంది ఆవిడ. "లేచాక మలుపులో బస్సు వెనకభాగం కనపడింది. అప్పటికే తిట్టడం మొదలుపెట్టేశాను. మధ్యలో ఎలా ఆపను?"

నాకు నవ్వొచ్చింది. ఆవిడకి రాలేదు. చేతిలోని తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి.

"నీకెప్పుడు తెలిసిందే?" అంది చివరికి.

'కంచాలు పడ్డప్పుడు.'

"తనూజ పెళ్ళికి ముందు వానాకాలంలో మొదలైంది. ముందు ఎడమది, తర్వాత రెండోది. ఎదురుగా ఉంటే పెదాలు చూసి లాక్కొస్తున్నాను. గుబురు మీసాలున్నవాళ్ళతోనే చావు. భంతే గారు నున్నగా గీయించుకుంటారు, ఒక్క మాట పోలేదు."

'బావగారికి చెప్పలేదా?'

"ఆయనకి చెప్తే నందివాడ సెంటర్లో మైకు పెట్టినట్టే. చెవిటి మేళం అని మనవలు కూడా వెక్కిరిస్తారు." తువ్వాలు మడత పెట్టింది, విప్పింది. "ఎవరూ మాట్లాడని చోటు ఒకటుందని మీ భార్గవి చెప్తే వచ్చాను దుర్గా. పది రోజులు ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు కదా అని. అందరూ నాలాగే ఉంటారు కదా అని."

దువ్వెన తీసి ఆవిడ చేతికిచ్చాను.

"ఒకటడుగుతాను చెప్పు. పెళ్ళిలో నేనేం చేశాను? మర్నాటినుంచి నాతో మాట మానేశావు. చీర బాగోలేదన్నానా? కూరలో ఉప్పెక్కువైందన్నానా? రెండేళ్ళుగా ఆలోచిస్తున్నాను, దొరకలేదు."

'తలంబ్రాల పళ్ళెం అందుకోమన్నాను. నువ్వు వెళ్ళిపోయావు.'

"ఎన్నిసార్లు పిలిచావు?"

'మూడుసార్లు.'

"నాలుగోసారి వచ్చి భుజం తట్టలేకపోయావా?"

తట్టలేకపోయానా? ఆవిడకీ నాకూ మధ్య ఎంత దూరముంది? నాలుగడుగులు ఉంటుందా?

ఈ మాటలన్నీ ఆవిడ రహస్యంగానే చెబుతున్నాననుకుంటోంది. మాటలు అర్థం కాకపోయినా, ఆ రహస్యం మోత వంటశాల దాకా వినపడింది. భార్గవి వచ్చి తలుపు కొట్టింది. "పిన్నిగారూ! మౌనం అండీ, మౌనం!"

"ఎవరు? ఏమంటున్నారు?" అంది రాఘవమ్మక్కయ్య, నేను తలుపు వైపు తిరగడం చూసి.

'భార్గవి. నీ గొంతు బాగుందంటోంది.'

సెప్టెంబరు 24. ఆదివారం.

మౌనం ముగిసింది. అందరూ ఒక్కసారి మాట్లాడటం మొదలుపెడితే మండపం చేపల బజారు అయిపోయింది. నా చుట్టూ చేరి బస్సు కథ అడుగుతున్నారు. "మీ తోడికోడలికి హారన్ వినపడలేదా అండీ?" అంది ఒకావిడ. రాఘవమ్మక్కయ్య నా పెదాల వంకే చూస్తోంది.

"ధ్యానంలో ఉందండీ," అన్నాను.

అబద్ధం కాదు. నిజంగా ఉంది.

అక్టోబరు 11. బుధవారం. బందరు.

పాండురంగడి గుడికని చెప్పి ఇద్దరం బందరు వెళ్ళాం. నిజంగానే ముందు చిలకలపూడి గుడికే వెళ్ళాం. చెవి డాక్టరు దగ్గరికి ఆ తర్వాత వెళ్ళాం. కనక చెప్పిందాంట్లో తప్పేం లేదు, కాస్త పొట్టిగా చెప్పాం, అంతే.

డాక్టరు గారి వరండాలో కూర్చుంటే ఎదురుగా ఎవరు? మా వీధి పిచ్చేశ్వరరావు గారు, చెవిలో దూది పెట్టుకుని. ఆయనకి ఒక విషయం తెలిస్తే సాయంత్రానికి గుడివాడ రైల్వేగేటు అవతల కూడా తెలుస్తుంది.

"ఏవండోయ్, మీరేంటిక్కడ? ఎవరికీ?" అన్నారు.

రాఘవమ్మక్కయ్య ఆయన పెదాలు చదివేసింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. నా కొంగు పట్టుకుంది, చిన్నపిల్లలా.

"నాకేనండీ," అన్నాను. "రెండు చెవులూ."

ఇది మాత్రం పూర్తి అబద్ధం. ఏ వైపునుంచి చూసినా అబద్ధమే.

అక్కయ్యకి చెవి మిషన్ పెట్టారు. జుట్టు కిందకి దాక్కుంటుంది. పెట్టగానే ఆవిడ అన్న మొదటి మాట: "ఏంటే, నీ గొంతు ఇంత కర్కశంగా ఉంటుందా?" పెదాలు చూసినన్నాళ్ళూ తియ్యగా ఊహించుకుందట.

అక్టోబరు 15. ఆదివారం.

గుడివాడలో నేను అధికారికంగా చెవిటిదాన్ని.

పాలవాడు అరుస్తున్నాడు. తనూజ ఫోనులో అరుస్తోంది. కూరగాయలావిడ వేళ్ళు చూపిస్తోంది. ఒకరిద్దరు నా ముందే నా గురించి చెప్పుకుంటున్నారు. నా చేతి పులిహోరలో పులుపు చాలదట. ఆ ఇద్దరూ అడిగి మరీ రెండోసారి వేయించుకున్నవాళ్ళే!

భార్గవితో భంతే గారికి కబురు పంపాను. తెలిసి తెలిసి అబద్ధం ఆడాను, ఏం చేయమంటారు అని. జవాబు వచ్చింది: "ఇంతకాలం తెలియకుండా ఆడేవారు, ఇప్పుడు తెలిసి ఆడుతున్నారు. కొంచెం బాగుపడ్డారు. రెండోది ఆడకండి."

అందుకని, "మీకు వినపడుతోందా?" అని ఎవరైనా అడిగితే వినపడదని చెప్పకూడదు. వినపడుతుందని చెబితే అక్కయ్య బయటపడుతుంది. ఏమీ చెప్పకుండా ఊరుకుంటున్నాను. దాంతో బొత్తిగా చెవుడే అని ఖాయమైపోయింది.

అక్టోబరు 20. శుక్రవారం.

బావగారూ అక్కయ్యా వచ్చారు. నేనూ అక్కయ్యా వంటింట్లో వంకాయలు తరుగుతున్నాం. అన్నదమ్ములిద్దరూ పక్కనే హాల్లో.

"వైద్యం ఏమంటున్నారు?" అని బావగారు అడిగారు.

"మెల్లిగా మాట్లాడక్కర్లేదు అన్నయ్యా, దానికి వినపడదు," అన్నారు మా ఆయన. తర్వాత పేపరు మడిచిన చప్పుడు. ఇంక అయిపోయిందనుకున్నాను. "చల్లపల్లి వెళ్ళిన పది రోజులూ ఇంట్లో ముద్ద దిగలేదు. హోటలు భోజనం వీధికుక్కకే పెట్టాను. పొద్దున లేస్తే ఎవరో ఒకరిని తిడుతూ ఆ గొంతు వినపడాలి, అలవాటు. వచ్చింది కదా అనుకుంటే, చెవులు పోయి మాటే తగ్గించేసింది. ఇప్పుడు ఎంత చెప్పినా దానికి చేరదు. చెప్పాల్సినప్పుడు చెప్పలేదు."

కత్తిపీట ముందు నా చేతులు ఆగిపోయాయి. అక్కయ్య కూడా విన్నది. మిషన్ మంచిదే. ఆవిడ కళ్ళు తుడుచుకుని, ఉల్లిపాయలు లేకపోయినా ఉల్లిపాయల్ని తిట్టుకుంది.

లేచి వెళ్ళి, నాకు అన్నీ వినపడుతున్నాయండీ అని చెప్పాలని ప్రాణం కొట్టుకుపోయింది. నా జీవితంలో నేను నోరు మూసుకున్న సార్లన్నిటిలోకీ ఇది కష్టమైనది.

ఇంతలో ఆయనే లోపలికి వచ్చారు. నా చెవి దగ్గర నోరు పెట్టి "కాఫీ!" అని అరిచారు. వీధిలో పోతున్న రిక్షావాడు ఆగి చూశాడు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చూడనట్టు కలిపి ఇచ్చాను, చక్కెర ఒక చెంచా ఎక్కువే వేసి.

విజయవాడలో ఇంకా పెద్ద డాక్టరున్నాడు, సోమవారం తీసుకెళ్తానని చేతులు ఊపుతూ చెప్పారు. కొన్నాళ్ళు ఆగుదామని నేనూ చెయ్యి ఊపాను.

వినవలసినవి ఇంకా ఉన్నట్టున్నాయి.